బదులు కుండీ

పోర్చ్‌లైట్ ఛానల్ కథలో మనం నాక్స్‌విల్ ఊరి అంచున, పాత తివాచీల గోదాము దగ్గర ఆగాం. ఇళ్ళూ తోటలూ తప్ప మరో మాట ఎత్తని టీవీ ఛానల్ పెడతామని బయలుదేరిన కొద్దిమంది ఆ గోదాముకి రంగులు వేసి, గదులు కట్టి, 1994 డిసెంబరు చివర్లో ప్రసారం మొదలుపెట్టారు. మొదటిరోజే టేపు ఇరుక్కుపోయి, పదకొండు నిమిషాలపాటు చూసేవాళ్ళందరూ ఒక తలుపు గొళ్ళేన్నే చూశారు. అయినా ఛానల్ బతికింది. చలికాలం దాటింది. టేపుల గదిలో పనిచేసే రోవీనాకి జనవరిలో పెళ్ళయింది. ఫిబ్రవరిలో, మొక్కల పాఠాలు చెప్పే మిస్ ఇమోజీన్ చేతికి బదులుగా రోవీనా చెయ్యి ఒక షూటింగులో నటించింది. మనిషి కాదు, చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి టీవీలో వస్తుందని అత్తవారి వైపూ పుట్టింటి వైపూ ఒక్కరిని వదలకుండా ఫోన్లు చేసి చెప్పింది. ఏప్రిల్ పదకొండు, మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పావు లోపే ఆ చెయ్యి తెర మీదకి వచ్చింది, వెళ్ళింది.

ఇప్పుడు టైము మూడూ నలభై.

రోవీనా టేపుల గదిలో కూర్చుని అట్టపెట్టెల మీద చీటీలు అతికిస్తోంది. మనసు మాత్రం బల్ల అంచున ఉన్న కాగితపు రుమాలు మీద ఉంది. పొద్దున గారెట్ బిస్కెట్ రొట్టెని మధ్యకి చీల్చి, యాపిల్ గుజ్జు దట్టంగా పూసి, ఆ రుమాల్లో చుట్టి ఇచ్చాడు. విప్పి చూస్తే లోపల బాల్‌పెన్నుతో వంకరటింకరగా ఒక చెయ్యి బొమ్మ, దాని మీద ఒక నక్షత్రం. వేళ్ళు ఆరు వేశాడు. పెళ్ళయి పదకొండు వారాలే అయినా, ఆరోవేలు వేసి అంతలా నవ్వించే మొగుడు దొరకడం ఎంత అదృష్టమో అనుకుంటూ ఆమె ఆ రుమాలుని యాపిల్ మరకతో సహా మడతపెట్టి దాచుకోబోతోంది. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏమ్మా టీవీ మహారాణీ! చేతులకి విశ్రాంతి ఇస్తున్నావా, పనేమైనా చేస్తున్నావా?"

కాస్బీ కొండల నుంచి అత్తగారు వెర్డీ. రోవీనా కుర్చీలో నిటారుగా సర్దుకుంది.

"అత్తయ్యా! చూశారా? బాగుందా?"

"చేతికేం, వెన్నముద్దలా ఉంది. ఉంగరం ఏదీ? మావాడు అంత తంటాలు పడి కొన్నది సొరుగులో దాచుకోడానికా?"

"తియ్యమన్నారత్తయ్యా. అది మిస్ ఇమోజీన్ చెయ్యి అని జనం అనుకోవాలిగా."

"డెబ్బై ఒక్క ఏళ్ళ ముసల్దానికి అలాంటి చెయ్యా! మా పక్కింటి నీవా అయితే పొట్ట పట్టుకుని నవ్వింది. ముఖం చూస్తే ఎండిన యాపిలు, చెయ్యి చూస్తే పెళ్ళికూతురు అని." వెర్డీ కూడా కాసేపు నవ్వుకుంది. "సరేగానీ, ఒకటి అడుగుదామని చేశా. దగ్గుకి ముల్లెన్ ఆకు టీ కాచుకోమని ఆవిడ చెబుతుంటే, నువ్వు ఫాక్స్‌గ్లవ్ ఆకు తుంచావెందుకే?"

"ముల్లెనే అత్తయ్యా అది."

"ఎవరికి చెబుతున్నావు? ముల్లెన్ ఆకు అంచుకి పళ్ళుండవు. ఉన్ని దుప్పటి ముక్కలాగా మందంగా, మొద్దుగా ఉంటుంది. నువ్వు తుంచినదాని అంచు సన్న రంపంలా ఉంది. టీవీ అంత పెద్దగా చూపించిందిగా, గుడ్డిదానికైనా తెలుస్తుంది. మా పెదనాన్న లేగదూడ దాన్ని మేసి, మధ్యాహ్నం పాలపూటకి లేవలేదు. నేను నాలుగేళ్ళప్పటినుంచీ ఈ రెండాకులూ పక్కపక్కన పెట్టుకుని పెరిగినదాన్ని."

రోవీనా నవ్వబోయి, రుమాలు కింద పెట్టింది.

"మీరు... మీరు కాచుకోలేదు కదా?"

"నాకేం పట్టిందే! కానీ పిల్లా, అందరూ కాస్బీలో పుట్టలేదుగా." వెర్డీ గొంతులో వెటకారం పోయింది. "ఎవరైనా తాగుతారే. పోయి మీవాళ్ళకి చెప్పు. ముందు ఫోన్ పెట్టు."

చెయ్యి చల్లబడిపోయింది. అదే చెయ్యి.

పోర్చ్‌లైట్ దగ్గర అప్పటికి ఉన్న సరుకంతా ఆరుగంటలకే సరిపోయేది. రోజూ మధ్యాహ్నం మొదలుపెట్టి, ఆ ఆరుగంటల కార్యక్రమాలనే నాలుగుసార్లు తిప్పేవారు. మధ్యాహ్నం పన్నెండుకి వచ్చింది సాయంత్రం ఆరుకి మళ్ళీ వస్తుంది. రోవీనా గోడగడియారం వైపు చూసి, 'ఇమోజీన్ పెరడు' పదిహేడో భాగం నకలు టేపు బయటికి లాగి, చూసే యంత్రంలో పెట్టింది. ఒకసారి తలకిందులుగా దూర్చి, మళ్ళీ తీసి పెట్టింది.

తెర మీద ఇమోజీన్ ఓగల్. నీలిగళ్ళ ఆప్రాన్, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు. "మా నాయనమ్మ దగ్గు మందు షాపులో కొనేది కాదు. రోడ్డు పక్కకి వెళ్ళి కోసుకొచ్చేది. మీ పెరట్లోనే ఉందేమో చూడండి. ఇదిగో, ఈ ఆకే." ఆ మాట మీద తెర మారింది. పెద్దగా, తెరంతా నిండేట్టు, తళతళలాడే పచ్చని ఆకుల గుత్తి. పక్కనుంచి ఒక లేతచెయ్యి వచ్చింది. ఉంగరం తీసిన చోట తెల్లగా సన్నని గీత. ఆ చెయ్యి ఆకుని ముద్దుగా నిమిరి, తిప్పి చూపించి, తుంచింది.

అంచు పొడవునా సన్నని పళ్ళు.

రోవీనా టేపు ఆపింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మూడోసారి చూడలేకపోయింది.

అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. స్టూడియో దీపాలు అంటే మొక్కలకి నిప్పులగుండం. కెమెరా, దీపాలు సర్దేలోపు అసలు మొక్క వాడిపోతుంది. అందుకని ప్రతి మొక్కకీ ఒక బదులు కుండీ ఉండేది. పోలికలో కాస్త దగ్గరగా ఉంటే చాలు, ఏ మొక్కయినా ఫరవాలేదు. దాన్ని దీపాల కింద కూర్చోబెట్టి అంతా సర్దుకున్నాక, తీసేసి అసలుది పెట్టేవారు. అసలు కుండీ అడుగున తెల్ల టేపు, బదులు కుండీకి ఎర్ర టేపు. ఆరోజు ఇమోజీన్ మాటలు చెప్పేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె వేళ్ళు కీళ్ళనొప్పులతో ముడుచుకుపోయి ఉంటాయి కాబట్టి దగ్గర షాట్లన్నీ తరవాత వేరే చేతులతో తీసేవారు. రోవీనా వంతు వచ్చేసరికి తెల్ల టేపు కుండీలో ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. పక్కనే ఎర్ర టేపుది, గ్రీన్‌హౌస్ నుంచి ఆ ఉదయమే వచ్చింది, ముట్టుకుంటే పట్టులా ఉంది. తన చెయ్యి మొదటిసారి టీవీలో రాబోతోంది. గారెట్ చూస్తాడు. వాడిపోయిన ఆకు పట్టుకుని ఎలా కనిపిస్తుంది? ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు. రెండు కుండీలూ తారుమారు చేసింది.

అంతే. అంత చిన్న ముచ్చట.

ఇమోజీన్ ఇవాళ గోదాములోనే ఉంది. రెండో స్టూడియోలో టమాటా నారు పాఠం తీస్తున్నారు. రోవీనా వెళ్ళి చెయ్యి పట్టుకుని పిలిస్తే, ఆప్రాన్ మీద మట్టితోనే వచ్చింది.

"ఏమిటే బంగారం, అలా పాలిపోయావు? అప్పుడే నెల తప్పావా?"

"మిస్ ఇమోజీన్, ఒక్కసారి ఇది చూడండి."

ఇమోజీన్ చూసింది. ఆకు తెరమీదకి వచ్చినప్పుడు ముందుకి వంగింది. కళ్ళద్దాలు తీసి, ఆప్రాన్‌కి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"లైల్ ఎక్కడున్నాడు?" అని లేచింది ఇమోజీన్.

లైల్ మెక్‌కార్టర్ కార్యక్రమాల పెద్ద. ఎప్పుడూ చేతిలో కొలతటేపు ఆడిస్తూ ఉంటాడు. ఆ సమయంలో ముగ్గురు అతిథులకి షూటింగుకని కట్టిన బొమ్మ వంటగది చూపిస్తున్నాడు. ఒహాయో నుంచి వచ్చిన కేబుల్ కంపెనీవాళ్ళు. ఇమోజీన్ గుమ్మంలో నిలబడి వేలు ఆడించింది. అతను నవ్వు చెదరకుండా అతిథుల దగ్గర సెలవు తీసుకుని వచ్చి, తన గది తలుపు వేశాకనే నవ్వు దించాడు.

"మిస్ ఇమోజీన్, ఇవాళ ఒక్కరోజు..."

"నువ్వు జనానికి నా నోటితో విషం తాగమని చెప్పించావు లైల్."

రోవీనా టేపు పెట్టింది. లైల్ నిలబడే చూశాడు. కొలతటేపు లాగి వదిలాడు. అది చటుక్కున ముడుచుకుంది.

"నాకైతే ఆకు ఆకులానే ఉంది."

"అదే కదా నాయనా గొడవ! వాళ్ళకీ అలానే ఉంటుంది. ఫాక్స్‌గ్లవ్ అది. గుండె మీద పనిచేస్తుంది. కొట్టుకునేదాన్ని తడబడేట్టు చేస్తుంది, తరవాత ఆపేస్తుంది."

"ఎవరైనా ఫోన్ చేశారా?"

"ఇంకా లేదు" అంది రోవీనా.

"అయితే ఏమీ జరగలేదన్నమాట."

"ఇప్పుడు నాలుగయింది" అంది ఇమోజీన్. "పన్నెండింటికి చూసి, పెరట్లోకి వెళ్ళి వెతికి, కోసి, కడిగి, కాచి, తాగి, కడుపులో తిప్పి, వాంతి చేసుకుని, ఆ తరవాత మనకి ఫోన్ చెయ్యాలి కదా. కాస్త టైము ఇవ్వు పాపం!"

లైల్ ముఖం ఎర్రబడింది. "ఎవరు తాగుతారండీ, టీవీలో చూసి?"

"ఎవరు తాగుతారా? గులాబీ మొదట్లో అరటితొక్క పాతమని నేను ఊరికే ఒక మాట అన్నాను. రెండు సంచుల ఉత్తరాలొచ్చాయి. అన్నీ 'మీరు చెప్పినట్టే చేశాం మిస్ ఇమోజీన్' అని. ఒకావిడ అయితే మొగుడి చేత రోజుకి ఆరు అరటిపళ్ళు తినిపించిందట, తొక్కల కోసం. వాళ్ళు నేను చెబితే చేస్తారు లైల్. దానికోసమే కదా నన్ను పెట్టుకున్నావు!"

ఆ మాటకి అతను బల్ల అంచు మీద కూలబడ్డాడు. గోడకి అవతల అతిథులు దేనికో నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

"ముందు ఆరుగంటల టేపు ఆపండి" అంది రోవీనా. "తరవాత తెర మీద అక్షరాలు నడిపిద్దాం. మధ్యాహ్నం చూపించిన ఆకు ముల్లెన్ కాదు, తాగకండి, తాగినవాళ్ళు ఆస్పత్రికి వెళ్ళండి అని. అక్షరాల యంత్రం ఉంది కదా. పదినిమిషాల పని."

"పదినిమిషాల పని!" లైల్ గొంతు తగ్గించాడు. "రోవీనా, ఆ వంటగదిలో నిలబడ్డ ముగ్గురూ ఎనిమిది లక్షల ఇళ్ళకి మనల్ని చూపించాలా వద్దా అన్నది ఇవాళ ఆరున్నరకి చెబుతారు. వద్దంటే ఎండాకాలానికి ఈ గోదాములో మళ్ళీ తివాచీలే ఉంటాయి. నూట పదిమంది బయటికి పోవాలి. ఇప్పుడు ఏ గదిలోకి వెళ్ళినా మన ఛానలే నడుస్తోంది, వాళ్ళ కళ్ళముందు. అందులో 'మేము మీకు విషం చూపించాం' అని అక్షరాలు నడపమంటావా?"

"అవును."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. లైల్ ఆమెవైపు కొత్తగా చూశాడు.

"అసలు ఆ కుండీ అక్కడ ఎవరు పెట్టారు? షూటింగు రోజు ఎవరున్నారు? రాసి ఉంటుంది కదా."

ఇమోజీన్ విసుక్కుంది. "ఎవడో కంగారుగాడు పెట్టుంటాడు. ఇప్పుడు వాణ్ణి వెతుక్కుంటూ కూర్చుందామా?"

రోవీనా ఊరుకుంటే చాలు. షూటింగు చీటీలో 'దగ్గర షాట్లు' అని మాత్రమే ఉంది, కుండీ సంగతి ఎక్కడా లేదు. తెచ్చినవాడిదో, గ్రీన్‌హౌస్‌దో తప్పయిపోతుంది. గారెట్‌తో కలిసి వేసవికి చిన్న ఇల్లు చూసుకుందామని అనుకున్నారు. తలుపుకి పసుపురంగు వేద్దామని కూడా నిర్ణయమైపోయింది. ఆ పసుపు తలుపు ఒక్కసారి కళ్ళముందు మెరిసింది.

"నేను పెట్టాను" అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"అసలుది వాడిపోయింది. నా చెయ్యి... చేతిలో మంచి ఆకు ఉంటే బాగుంటుందని ఎర్ర టేపుది జరిపాను. ఎవరూ చెప్పలేదు. నేనే."

ఇమోజీన్ తిడుతుందనుకుంది రోవీనా. కొడితే ఇంకా బాగుండుననిపించింది.

"నోరు నాది, చెయ్యి నీది" అంది ఇమోజీన్ చివరికి. "ఇద్దరం కలిసి వండిపెట్టాం. నీ ఏడుపు తరవాత చూద్దాం. ఇప్పుడు కాదు." లైల్ వైపు తిరిగింది. "విన్నావుగా. ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఒప్పుకుంది. నీకెందుకంత కష్టం?"

లైల్ కొలతటేపుని జేబులో పెట్టేశాడు. అది లేకపోతే అతని చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపు ముఖం రుద్దుకున్నాడు.

"టేపు మారుస్తాను. ఆరింటికి దాని బదులు కిటికీ తోటల భాగం వేయిస్తాను. అక్షరాలు మాత్రం వాళ్ళు వెళ్ళాక. ఆరున్నర. ఒట్టు. ఈలోపు మీరిద్దరూ ప్రేక్షకుల ఫోన్ల గదిలో కూర్చోండి. ఎవరైనా చేస్తే మీరే మాట్లాడండి."

"రెండున్నర గంటలా?" అంది రోవీనా. "ఇప్పుడు తాగేవాళ్ళుంటే?"

"ఆరున్నర అన్నాను."

"ఒక్క నిమిషం దాటినా" అంది ఇమోజీన్, "నేనే ఆ వంటగదిలోకి వెళ్ళి, ఆ ముగ్గురికీ నా చేత్తో టీ పోసి అడుగుతాను, తాగుతారా అని."

ప్రేక్షకుల ఫోన్ల గది అంటే గది కాదు, మెట్లకింద చోటు. రెండు బల్లలు, రెండు ఫోన్లు, విత్తనాల కరపత్రాల దొంతరలు. టీవీ లేదు. ప్రతి కార్యక్రమం చివరా తెర మీద వేసే ఉచిత నంబరు అక్కడే మోగేది. మామూలుగా అక్కడ కూర్చునే ఇద్దరినీ ఇమోజీన్ ఇంటికి పంపేసింది. రోవీనా ముందుగా విషాల సహాయ కేంద్రానికి ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల నర్సు ఒకటే చెప్పింది. ఎంత తాగారన్నది లెక్కచూడొద్దు, ఎలా ఉందో చూద్దామని ఆగొద్దు, వెంటనే అంబులెన్సు. రోవీనా ఆ మాటల్ని పెద్ద అక్షరాలతో రాసి రెండు ఫోన్లకీ మధ్య అతికించింది.

తరవాత ఎదురుచూపులు.

మొదటి ఫోన్ నాలుగున్నరకి.

"హలో, తివాచీ మీద ద్రాక్షరసం మరక పోవాలంటే..."

"అమ్మా, మధ్యాహ్నం మిస్ ఇమోజీన్ కార్యక్రమం చూశారా?"

"లేదమ్మా, ఆ టైములో నేను తివాచీ తోముతున్నాను. అందుకే కదా ఫోన్ చేసింది!"

రెండో ఫోన్ ఒక పెద్దాయన. గోడకాగితం అతికిస్తుంటే గిన్నెలో జిగురు పిల్లి తాగేసిందట. ఇమోజీన్ ఆయనకి పిల్లి సంగతి, జిగురు సంగతి రెండూ చెప్పి పెట్టేసింది. పెట్టాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వు రాబోయి ఆపుకున్నారు. మూడోది, నాలుగోది, అయిదోది. ఎవరూ తాగలేదు. ఒకావిడ మాత్రం, "ఆకు కోసి ఆరబెట్టాను, రేపు కాస్తాను" అంది. పారెయ్యండి, చేతులు కడుక్కోండి, మీ పొరుగువాళ్ళకీ చెప్పండి అని రోవీనా మూడుసార్లు చెప్పింది. అవతల ఆమె, "అయ్యో, మిస్ ఇమోజీన్ చెప్పింది కదమ్మా" అంది నమ్మకుండా. ఇమోజీనే ఫోన్ లాక్కుని, "నేనే చెబుతున్నానమ్మా, పారెయ్యి" అంటే గానీ ఒప్పుకోలేదు.

ఆవిడ పెట్టేశాక ఇమోజీన్ చేతివేళ్ళని రెండోచేత్తో పిసుక్కుంటూ, "కోసిన ఆవిడ ఒకత్తి ఉందంటే, కాచినావిడ కూడా ఉంటుందే పిల్లా" అంది.

అయిదూ పదికి లైల్ తల లోపలికి పెట్టాడు. "టేపు మార్పించేశాను. అంతా ప్రశాంతంగా ఉంది కదా? నేను చెప్పలా?" అని, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

అయిదున్నర. పావుతక్కువ ఆరు. ఆరు. ఇమోజీన్ కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. ప్రార్థన అనుకుంది రోవీనా. దగ్గరగా వింటే, మొక్కల పేర్లు. ముల్లెన్, కాంఫ్రీ, బోన్‌సెట్, ఎల్డర్. చిన్నపిల్ల బడిలో అప్పజెప్పినట్టు.

ఆరూ ఎనిమిదికి ఫోన్ మోగింది.

"పోర్చ్‌లైట్‌ వాళ్ళేనా?" ఆడగొంతు, ఆయాసపడుతోంది. "ఆ దగ్గు టీ గురించి. అందులో తేనె ఎక్కువైతే ఏమన్నా అవుతుందా? మా ఆయనకి వాంతులు ఆగడంలేదు."

రోవీనా అతికించిన కాగితం వైపు చూసింది. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ చదవడం రావడంలేదు. ఇమోజీన్ వెనకనుంచి భుజం మీద గట్టిగా నొక్కింది.

"అమ్మా, మీ పేరేమిటి? ఎక్కడినుంచి?"

"బ్యూలా పెన్‌హోల్. కెంటకీలో, ఇర్విన్ దగ్గర. కంచె పక్కన అచ్చం అదే ఆకు ఉందమ్మా, నేనే కోశాను. రెండుగంటలకి రెండు కప్పులు తాగాడు. చేదుగా ఉందన్నాడు, తేనె వేసి బలవంతాన తాగించాను. ఇప్పుడేమో దీపం చుట్టూ పసుపురంగు చక్రం ఉందంటున్నాడు. నా ముఖం కూడా పసుపుగా ఉందట. జ్వరంలో పలవరిస్తున్నాడేమో కదా?"

రోవీనా ఆ మాటల్ని పలికినవి పలికినట్టు కాగితం మీద రాసింది. చదివిన ఇమోజీన్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"అది ఆకు పని" అంది గుసగుసగా. "గుండెదాకా వెళ్ళిపోయింది. ఇంటి గుర్తులు అడుగు. త్వరగా."

రోవీనా అడిగింది. మిల్ క్రీక్ రోడ్డు, చర్చి దాటాక ఎడమవైపు నాలుగో ఇల్లు, పచ్చ తపాలాపెట్టె. ఆమె చెబుతున్నకొద్దీ ఇమోజీన్ రెండో ఫోన్‌లో ఆపరేటర్‌ని పట్టుకుని, ఆ ఊరి అంబులెన్సుకి కలపమని అరుస్తోంది. కీళ్ళనొప్పుల వేళ్ళతో తీగని మెలిపెడుతోంది.

"మిసెస్ పెన్‌హోల్, వినండి. అది ముల్లెన్ కాదు. మేము తప్పు చూపించాం. ఆయన్ని నడవనివ్వకండి. అంబులెన్సు మేమే పిలుస్తున్నాం."

"మీరు చూపించారుగా" అంది బ్యూలా. కోపం లేదు, అర్థంకానితనం మాత్రమే. "తుంచి మరీ చూపించారుగా. ఎంత ముద్దొచ్చిందో ఆ చెయ్యి."

వెనక ఏదో బరువుగా పడిన శబ్దం. "ఎల్బర్ట్! ఎల్బర్ట్!" ఫోన్ బల్లకి తగిలి దొర్లింది. అడుగుల చప్పుడు దూరంగా పోయింది.

"మిసెస్ పెన్‌హోల్? అమ్మా?"

జవాబు లేదు. లైను మాత్రం తెగలేదు. రోవీనా చెవికి అదిమి పట్టుకుంది. ఊపిరి తీస్తే ఏదైనా వినబడకుండా పోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టింది.

ఇమోజీన్ రెండో ఫోన్ పెట్టేసింది. "బయలుదేరారట. పద్దెనిమిది నిమిషాలు పడుతుందట" అని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, వినబడేట్టు తల ఆనించింది.

కెంటకీలోని ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు. గది అవతల టీవీ మాత్రం నడుస్తోంది. తీగలోంచి సన్నగా, ఆ చప్పుడు పోనుపోను స్పష్టమైంది. మెట్లకింద గోడమీద గడియారం ఆరూ పన్నెండు చూపిస్తోంది. టీవీలో ఒక ముసలావిడ ఆప్యాయంగా చెబుతోంది, "మీ పెరట్లోనే ఉందేమో చూడండి. ఇదిగో, ఈ ఆకే."

ఆ గొంతు ఇమోజీన్‌ది. లైల్ మార్పించేశానన్న టేపే నడుస్తోంది. ఇమోజీన్ రోవీనా పక్కనే, చేత్తో నోరు మూసుకుని కూర్చుని ఉంది.